ఎర్ర దీపం

బఫెలోలో ఆ మలుపు దగ్గర
మడతకుర్చీ వేసుకుని కార్లు లెక్కపెట్టాం.
"అంకెలు తెండి, చూద్దాం" అన్నాడు నగరాఫీసు గుమాస్తా.

శుక్రవారం మధ్యాహ్నం హలీమొకు కుదరదు.
శనివారం మోర్డెకై పెన్సిలు ముట్టడు.
ఆదివారం ఒడెస్సా చర్చిలో పాడాలి.
ఒకరి దేవుడి రోజున
ఇంకొకరు ఆ కుర్చీ మీది మంచు దులిపి కూర్చున్నారు.

ఏ దేవుణ్ణీ చర్చకు పిలవలేదు.
పోట్లాడుకున్నది ఒక్కసారే:
స్కూలు బస్సును ఒకటి అనాలా, నలభై అనాలా అని.

నలభై ఒక్క రోజుల దీక్ష.
నోటుబుక్కులో నాలుగు చేతిరాతలు, ఒక టీ మరక.

దీపం వచ్చింది.
మొదటిసారి అది ఎర్రబడినప్పుడు
అందరం దాటాం.
ఒడెస్సా దాటలేదు.
మనవడు పడిపోయిన చోట
ఆగిన కార్లను
అలవాటుగా, వేలితో
లెక్కపెడుతూ నిలబడిపోయింది.