తుండు కింద లెక్క

సున్నా నుంచి పది లోపు
ఈ పూట మీ నొప్పి ఎంత, అంటుంది ఫోన్లో ఆవిడ.
మెత్తటి గొంతు. పుస్తకం తెలుగు.
ఆవిడెప్పుడూ టిక్కీ ఎత్తి ఉండదు.

నేను గుంటూరు యార్డులో చిట్టా రాసేదాన్ని.
బస్తాకి తరుగెంత పోతుందో కంటితో చెప్తాను,
తేజకీ తాలుకీ తేడా చీకట్లో వాసనతో చెప్తాను.
పొత్తికడుపులో ఉన్నదాన్ని మాత్రం
ఏ కాటా మీద పెట్టాలో పదకొండేళ్లు తెలియలేదు.

అందరికీ వచ్చేదేగా, అంది అమ్మ.
పెళ్లయితే సర్దుకుంటుంది, అన్నాడు ఏటుకూరు రోడ్డు ఆర్ఎంపీ.
పెళ్లయింది.
సర్దుకున్నది నేను.

కొత్తపేటలో డాక్టరమ్మ చీటీ మీద రాసిచ్చింది:
ఎండోమెట్రియోసిస్.
ఆరున్నర అక్షరాలు.
లోపల ఉండాల్సిన పొరలాంటిది బయట మొలుస్తుందట.
నాకర్థమైంది. యార్డు అరుగుల పగుళ్లలో
ఎవరూ నాటని మిరప మొక్కలు రోజూ చూస్తూనే ఉంటాగా.
మాత్రలు రాసింది. మనసుక్కూడా కొంచెం, అంటూ
ఫోన్లో ఆరు వారాల పాఠాలు పెట్టించింది.
మనసు మాట ఎందుకెత్తిందని రెండ్రోజులు ఉడుక్కున్నాను,
ఈవిడ కూడా చివరికి ఊహే అంటుందా అని.

మొదటి పాఠం: దీర్ఘంగా శ్వాస తీసుకోండి.
తల్లీ, మిర్చి యార్డులో దీర్ఘంగా ఎవరు పీలుస్తారు?
ఫిబ్రవరి, సీజను, లారీ మీద లారీ.
చున్నీ ముక్కుకి కట్టుకుని
తీసుకున్నాను. దగ్గాను. కళ్లలో నీళ్లు.
కాటా దగ్గర నాగూర్‌వలి సీసా అందించి
ఏమీ అడగలేదు.

రెండో పాఠం: సముద్రాన్ని ఊహించుకోండి.
సూర్యలంక ఒక్కసారే వెళ్లాను. ఆ రోజూ ఇదే.
అందరూ నీళ్లలో, నేను బస్సులో చుట్టచుట్టుకుని.
సముద్రం వద్దులే.
కోల్డ్ స్టోరేజీని ఊహించుకున్నాను.
నాలుగో అంతస్తు. చీకటి. చల్లటి గోనె వాసన.
నొప్పిని టిక్కీలో తొక్కి, కుట్టి, మార్కు వేసి,
వరసలో పెట్టి దిగి వచ్చాను.
అమ్మెయ్యలేదు. తగలబెట్టలేదు. రశీదు నా దగ్గరుంది.
ఎప్పుడో రేటొస్తుంది, అదే మెట్లు దిగొస్తుంది, తెలుసు.
ఈ రాత్రికి మాత్రం అక్కడ.

నాలుగో పాఠం దగ్గర ఆగిపోయాను.
నొప్పప్పుడు మనసులో మెదిలే మాట రాయండి, అంది.
చిట్టా వెనకట్ట మీద రాశాను:
నటిస్తున్నానేమో.
చదువుకుంటే ఒళ్లు జలదరించింది.
దస్తూరీ నాదే. గొంతెవరిది?
కొంత హైస్కూల్లో డ్రిల్లు టీచరుది. కొంత అత్తది.
పెద్ద వాటా, అనకూడదు గానీ, అమ్మది.
తొమ్మిది రోజులు ఫోన్లో ఆవిణ్ణి మాట్లాడనివ్వలేదు.

యార్డులో పాత బేరగాళ్లు
ధర నోటితో చెప్పరు.
ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, పైన తుండు కప్పి,
మొహాన ఏమీ లేనట్టు
గుడ్డ కింద వేళ్లు నొక్కుతారు.

నిన్న రాత్రి మా ఆయన లోడుతో నాగపూర్ దారిలో ఉన్నాడు.
పక్కన అమ్మ,
ముప్పై ఏళ్లు తొడిమలు తీసి
ఏ సబ్బుకీ మంట వదలని వేళ్లతో.
మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని నేను.
దుప్పటి కింద నా చెయ్యి వెతికి పట్టుకుంది.
ఎంతే, కెజియా?
పాఠాలు ఎప్పుడు విందో ఏమో.

ఐదు వేళ్లూ నొక్కాను. ఆగి, ఇంకో మూడు.
ఎక్కువ చెప్పావంటుందని ఊపిరి బిగబట్టాను.
తరుగు తియ్యలేదు.

చాలాసేపటికి
నా అరచేతిలో తను నొక్కింది:
ఐదు. ఇంకో నాలుగు.
నీ వయసులో, అంది
గోడవైపు తిరిగి.

ఐదో పాఠం ఇంకా వినలేదు.