పొడుగు గ్లాసు

గురువారం నా సూట్‌కేసులో రెండు గాజు గ్లాసులుంటాయి,
ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.
పగలకుండా ఉన్ని మేజోళ్ళలో దూర్చి పెడతాను.
పక్కన చేతిబొమ్మ కుందేలు. దానికి ఎడమ చెవి ఊడింది.
బెర్న్ వాళ్ళు కుట్టిస్తారని ఫ్రిబూర్ వాళ్ళు,
ఫ్రిబూర్ వాళ్ళు కుట్టిస్తారని బెర్న్ వాళ్ళు
మూడు నెలలుగా అనుకుంటున్నారు.

మాది ఉమ్మడి చదువు.
డాక్టరేటు కాగితం మీద రెండు ముద్రలు పడతాయట.
ప్రస్తుతానికి నాకున్నవి
రెండు లైబ్రరీ కార్డులు, రెండు తాళంచెవులు,
రెండు చోట్లా చల్లారిపోయిన కాఫీ.
"ఇంతకీ నీది ఏ యూనివర్సిటీ?" అంటుంది అమ్మ.
రైలుది, అంటాను.

ఎక్కి కూర్చున్నానో లేదో వంతెన, అడుగున నది.
ఈ ఒడ్డు వాళ్ళకు సరీన్, ఆ ఒడ్డు వాళ్ళకు సానె.
నదికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఒకే పసిపాప వీడియో.
ఎటు చూసింది, ఎన్ని క్షణాలు చూసింది,
ఇక్కడ నేను, అక్కడ బేయాట్ విడివిడిగా లెక్కపెడతాం.
అంకెలు కలిస్తే ఇద్దరికీ కళ్ళున్నట్టు.
కలవకపోతే మళ్ళీ మొదట్నుంచి.
పాప మాత్రం ఈపాటికి నడుస్తూ ఉంటుంది.

ఇవాళ బెర్న్‌లో మేరెట్, నాలుగేళ్ళ ఏడు నెలలు.
గుండీలు ఒక కాజా తప్పించి పెట్టుకుంది.
తను చూస్తుండగానే పొట్టి గ్లాసులో నీళ్ళు
పొడుగు గ్లాసులోకి ఒంపాను.
"ఇప్పుడు ఎక్కువా, తక్కువా, అంతేనా?"
ఈ వయసు వాళ్ళు చాలామంది ఎక్కువంటారు,
నేను సున్నా వేస్తాను.
మొహం మారకుండా సున్నా వేయడం నేర్చుకోవడానికే
నాకు మొదటి సెమిస్టరంతా పట్టింది.

మేరెట్ వేలు గ్లాసు దాకా వెళ్ళి ఆగింది.
నా సూట్‌కేసు వైపు చూసింది.
"ఇవి రైల్లో వచ్చాయి కదా," అంది,
"అలిసిపోయాయి. కదపకు."

నీళ్ళు ఈ గది కుళాయివేనని చెప్పకూడదు, నియమం.
నా కాగితంలో మూడు గళ్ళున్నాయి.
అలసటకు గడి లేదు.

సాయంత్రం ఉమ్మడి సెమినార్.
తెరమీద ఫ్రిబూర్ నుంచి ఓబెర్సోన్ మేడమ్:
"అది జవాబు కాదు. సున్నా."
బల్ల దగ్గర ఎష్లిమన్ గారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ:
"జవాబే. మనం అడిగినదానికి కాదు, అంతే."
కాసేపు ఒకాయన జర్మన్‌లో, ఒకావిడ ఫ్రెంచిలో,
మర్యాద కోసం ఒకరి భాషలోకి ఒకరు మారి,
ఇద్దరూ ఒకేసారి నావైపు తిరిగారు.
"మీరేమంటారు?"

నీళ్ళు నమిలాను.
చివరికి గళ్ళు మూడూ ఖాళీగా వదిలేసి
అంచున పెన్సిలుతో మేరెట్ మాట ఉన్నదున్నట్టు రాశాను.
ఆ ఒక్క పాపనీ లెక్కలోంచి తీసేస్తారు, తెలుసు.
నూటపద్దెనిమిది మందిలో ఒకరికి నీళ్ళొదులుకోవడం
ఎవరికీ కష్టం కాదు.

ఆఖరి బండికి ముందు బండిలో
స్టేషన్‌లో కొన్న సూదీ దారంతో
కుందేలు చెవి పట్టుకు కూర్చున్నాను.
దారం ఖర్చు ఏ యూనివర్సిటీకి రాయాలో!
కుట్టు వంకర పోయింది, విప్పి మళ్ళీ వేశాను.
ఎదుటి సీట్లో ముసలాయన
చెవి నిలబడిందా లేదా అని తొంగిచూస్తున్నాడు.
ముడి కొరికి తలెత్తేసరికి ఫ్రిబూర్.
నది ఎప్పుడు దాటామో చూసుకోలేదు.