తొంభై మూడు శాతం

కువోపియోలో డిసెంబరు. మధ్యాహ్నం మూడింటికే చీకటి.
ఒస్మో లిఫ్టులు బాగుచేస్తాడు.
నేలకీ లిఫ్టు గడపకీ మధ్య
గోరంత తేడా ఉన్నా ఊరుకోడు.
మళ్ళీ పైకి పంపి, మళ్ళీ కిందికి రప్పించి,
వంగి అరచేత్తో తడిమి చూసి
అప్పుడు పెడతాడు కాగితం మీద సంతకం.

అంతటి మనిషి ఇంట్లో
పదకొండు రాజ్యాలు గాల్లో వేలాడుతున్నాయి.

ఒకదాంట్లో రాణిగారు బురుజెక్కి
రెండేళ్ళుగా ఎదురుచూస్తోంది.
ఒకదాంట్లో ఓడ లంగరెత్తి అలాగే ఉండిపోయింది.
ఇంకోదాంట్లో జ్వరాల మందు సంచీలోనే ఉంది,
రోగులు వీధి చివర ఉన్నారు,
మధ్యలో ఒక తలుపు. అంతే.

నచ్చక కాదు.
నచ్చనివాటిని గంటలో తీసి పారేస్తాడు,
ఉప్పు చాలని చారు పక్కకి నెట్టినట్టు.
ప్రాణం పెట్టినవాటికే ఈ గతి.

మంచుదీవుల ఆట సంగతే చూడండి.
పద్నాలుగు దీపస్తంభాలు. ఒక్కొక్కటీ వెలిగించుకుంటూ పోవాలి.
అక్టోబరంతా రాత్రుళ్ళు మేలుకుని
పదమూడు వెలిగించాడు.
పద్నాలుగోది కళ్ళెదుటే, కొండకొమ్మున,
ఆరిన పొయ్యిలా నల్లగా.

అక్కణ్ణుంచి వెనక్కి తిరిగాడు.
చేపలు పట్టాడు.
ఒక ముసలమ్మకి తప్పిపోయిన మేకని వెతికిపెట్టాడు.
పడవకి నీలం రంగేసి, బాలేదని
ఆకుపచ్చ వేసి, మళ్ళీ నీలమే వేశాడు.
కొండ మాత్రం రేపెక్కుదాం అన్నాడు.

ఆ రేపటికి బ్యాంకు భవనంలో ఇనుపతాళ్ళు మార్చే పని పడింది.
ఐదు వారాలు.
తిరిగొచ్చేసరికి బొటనవేళ్ళు అంతా మర్చిపోయాయి.
దూకబోయి కత్తి దూశాడు.
పలకరించబోయి బాంబు విసిరాడు, పాపం మేక ముసలమ్మ మీద.
ఆమె లేచి, దుమ్ము దులుపుకుని
"చలిగా ఉంది కదూ నాయనా" అంది.

సిగ్గేసింది. మొదటినుంచి మొదలుపెట్టాడు.
మొదటి దీపం, ఆ పిల్లనగ్రోవి, తొలి అల.
ఎంత బాగుందో!
అదీ అయిదో దీపం దగ్గర ఆగింది.

"ఆరంభశూరత్వం" అంటుంది భార్య రైలి.
కాదంటాడు, ఎందుకు కాదో చెప్పలేడు.
ఆఖరి దీపం వెలిగితే
పేర్లు బారులు తీరి పైకి పాకుతాయి.
తర్వాత తెర నల్లబడుతుంది.
ఆ నలుపులో తన మొహమే కనిపిస్తుంది,
ఒళ్ళో ఖాళీ చిప్సు పొట్లం.
అందుకేనేమో.
అందుకూ కాదేమో, ఉత్త అలసటేనేమో.
పగలంతా ముగించి ముగించి వచ్చినవాడికి
రాత్రి ఇంకోటి ముగించే ఓపిక మిగలదేమో.

కథ కంచికి, మనం ఇంటికి అంటాం కదా.
ఒస్మో కథలు టికెట్లు కొనుక్కుని
స్టేషన్లో బెంచీల మీద కూర్చున్నాయి.
ఆయన ఒక్కడే ఇంటికొచ్చేశాడు.

నిన్న రాత్రి ఏడేళ్ళ ఇల్తా
దుప్పటి ఈడ్చుకుంటూ వచ్చి తెర మీద వేలు పెట్టింది.
"నువ్వు పడుకున్నాక ఈ అన్న ఇలాగే నిలబడి ఉంటాడా?"
"ఊఁ."
"మంచులోనా?"

ఒస్మో ఏమీ అనలేదు.
చల్లబడిన కంట్రోలర్ చేతిలోకి తీసుకుని
బటన్లు ఒక్కొక్కటీ నొక్కి గుర్తు చేసుకుంటూ
అతన్ని కొండ దించాడు,
వాగు దాటించాడు,
ముసలమ్మ గుడిసెలోకి తీసుకెళ్ళి
పొయ్యి పక్కన కూర్చోబెట్టాడు.
ఈ ఆటలో కూర్చోవడానికి ఒక బటనుందని
అప్పుడే తెలిసింది.
మేక వచ్చి అతని మోకాలు వాసన చూసింది.
ఇల్తా నవ్వి, అక్కడే సోఫాలో నిద్రపోయింది.

సేవ్ నొక్కాడు.
తొంభై మూడు శాతం.

బయట సరస్సు మీద మంచు బిగుసుకుంటూ
ఎక్కడో దూరంగా ఫెళ్ళుమంది.
పొద్దున ఏడింటికి ఆసుపత్రి లిఫ్టు చూడాలి,
మూడో అంతస్తులో
గోరంత ఎత్తులో ఆగుతోందట.