ఊదు

మొదటిసారి ముద్దనూరు రోడ్డులో ఊదమన్యారు.
ఊదినా.
పదివేలు కట్టి బయటికొచ్చి
ఆ పదివేలు పోయిన దిగులుకి
ప్రొద్దుటూరు బస్టాండు ఎనకాల మళ్లా తాగినా.

రెండోసారి ఊదేటప్పటికి
లారీ ముందర తొమ్మిది గొర్రెలు పడుండాయి.
కాపరి అరవలేదు, తిట్టలేదు.
గొంగడి భుజాన సర్దుకొని
వాటి నడుమ కూసోని లెక్కపెడతాన్యాడు.
లెక్క తప్పితే మళ్లా మొదట్నుంచి.
వాని కొడుకు, ఏడేండ్లుంటాయేమో,
నా ముందుటైరుకి రెండు బారల దూరంలో
కట్టె పట్టుకొని అట్లే నిలబడిపోయినాడు.

మిషన్లో నూటాఎనబైయారు పడింది.
"ఇంగ రొంత గట్టిగా ఊదింటే రెండొందలు కొట్టేటోనివి గదప్పా"
అన్యాడు ఎస్సై. కానిస్టేబుళ్లు నవ్విరి.
నేనూ నవ్వినా.
ఆ రాత్రిలో బాగా గుర్తుండేది అదొక్కటే.

కోర్టు కాయితంలో తొమ్మిది అని రాసుకున్యారు.
ఒకటి సూడిది.
కడుపులో దాన్ని ఏ గడిలోనూ రాయలేదు.

జడ్జమ్మ తలెత్తకుండా చదివింది.
పదిహేనువేలు.
లైసెన్సు ఆర్నెల్లు ఈడనే ఉంటాది.
కడప ఆస్పత్రిలో ఇరవైయొక్క దినాలు మందు మాన్పించే వార్డు,
ఆ మీదట సోమవారం సోమవారం చీటీ.

వార్డులో మొదటి నాలుగు రాత్రులు
మంచం కింద గొర్రెలు నడుస్తాంటే తోలుతా ఉండినా.
స్టీరింగు లేని చేతులు వాటంతట అవే వణికిపోతాన్యాయి.
పక్కమంచం జమ్మలమడుగు అయివారు
మబ్బుతోనే లేసి గోడకి పదహారో ఎక్కం చెప్పేటోడు,
పదహారేళ్ల కాడ ఆగిపోయి ఏడ్చేటోడు.
జయమేరీ సిస్టరు మూడు గోలీలుండే డబ్బా ఇస్తే
అలవాటు కొద్దీ ఊదినా.
"ఊదేది గాదు నాయనా, పీల్చల్ల" అనింది.
ఇన్నాళ్లూ గాలి ఇమ్మన్నోళ్లే అందరూ.
తీసుకోమనింది ఈమె ఒక్కతే.

గుండ్రంగా కుర్చీలేసి మాట్లాడమన్యారు.
ఎనిమిది గొర్రెలని చెప్పినా.
మూడోవారం గాని తొమ్మిది అని నోరు తిరగలేదు.
సూడిదాని సంగతి ఇంగా చెప్పలే.

ఎర్రగుంట్ల కాడ నాపరాళ్ల గని.
"గేటు లోపలి రోడ్డు నాది, గవర్నమెంటుది గాదు" అన్యాడు కంబగిరన్న.
"చీటీ చూపీ, ట్రాక్టరు బీగంచెవి తీస్కో.
గేటు దాటినావా, పోలీసోళ్లకి నేనే ఫోన్ చేస్తా."

గుంత కాన్నుంచి పాలీసు మిషన్ల కాడికి
నాలుగొందల మీటర్లు.
సిలిగురి దాకా ఉల్లిగడ్డలు తోలినోనికి
ఇప్పుడు దేశమంతా ఇంతే.
మూడో గేరుతో పనే పడదు.
గేటు అవతల పోయే లారీ హారను ఇని
ఎవరి బండో చెప్పగలను. అది మస్తానుది,
ఇది పాములేటిది, క్లచ్చి ఇంగా బాగుచేపించుకోలేదు నాకొడుకు.
నన్ను చూసినోడు
చెయ్యి బయటపెట్టి బొటనేలు నోటికి ఎత్తి చూపించి పోతాడు.

మాపటేల ఇంటికి సైకిలు.
"దీనికి లైసెన్సు వద్దా నాయనా?"
అనిత రోజూ అడుగుతాది, రోజూ నవ్వుతాది.

ఓబుళమ్మ నన్ను వాకిట్లోనే నిలబెడతాది.
తన అరచెయ్యి నా నోటి కాడ పెట్టి
"ఊదు" అంటాది.
మిషన్లో అయితే అంకె పడేది.
ఆమె మొగంలో ఏమీ పడదు.
చెయ్యి వాసన చూసుకొని, చీరకి తుడుచుకొని
సంగటి పెడతాది.
నూటాముప్పై దినాలు. ఒక్క దినమూ మరిచిపోలేదు.

నిన్న ఆమెకి పడిశెం.
వాసన తెల్లేదు.
"అనీ, నువ్వు చూడు మీ నాయన్ని" అని కేకేసింది.

పిల్ల చెయ్యి పెట్టలేదు.
మునికాళ్ల మీద లేసి
మొగమే నా మొగం కాడికి తెచ్చింది.
దానికీ ఏడేండ్లే.
జానెడు దూరం.

ఊపిరి బిగబట్టుకొని అట్లే నిలబడిపోయినా.

"ఊదు నాయనా" అనింది.