ఉల్కాఖడ్గం, రెండోసారి

మార్నింగ్ షో వదిలేసరికి
జగదాంబ జంక్షన్లో ఎండ కత్తి దూసి నిలబడి ఉంది.
మూడు గంటలు చీకట్లో నానిన కళ్ళతో
టీ బండి దగ్గర చేరాం ఐదుగురం.

ముందు మసేను అందుకున్నాడు,
ఫిషింగ్ హార్బర్లో వలలు అల్లే మసేను:
"బరువు నేదురా ఆ కత్తికి.
పాత సినిమాలో అట్ట కత్తే, మీద వెండి కాయితం,
నాకు తెల్దా?
అయినా ఆడు ఎత్తితే నా బుజం నొప్పెట్టీది.
ఈడు కోడీక తిప్పినట్టు తిప్పీస్తన్నాడు."

అంతోనికి నిప్పు నచ్చలేదు.
ముప్ఫయ్యేళ్ళు షిప్‌యార్డులో వెల్డింగ్ చేసినవాడు.
"ఆకాశం నుంచి పడ్డ ఇనుమైనా సరే
ముందు ఎర్రబడాలి, తర్వాతే పసుపు, తెలుపు ఆఖర్న.
వీళ్ళది మొదట్నుంచీ నీలం మంట!
ఈ ఊళ్ళో గాలిలోనే ఇనుప ధూళి ఉంది,
ఎవర్నడిగినా చెప్పేవాళ్ళు కదా."
టీ గ్లాసు ఎండకెత్తి పట్టుకుని
"ఇదిగో, ఈ రంగు రావాలి" అన్నాడు.
అందరం ఆ గ్లాసులోకి చూశాం.

"కొలిమి సంగతి సరే, మంత్రగత్తెకి ఏడుపు కథ దేనికి?"
కుసుమకుమారి గొంతు బండి దాటి రోడ్డు మీదికి వెళ్ళింది.
"ధూమ్రకేశి అంటే నవ్వు.
గుహ అదిరిపోయే నవ్వు.
ఆమెని చూసే నేను నవ్వడం నేర్చుకున్నా.
పెళ్ళిచూపుల్లోనూ అలాగే నవ్వాను,
సంబంధం తప్పిపోయింది,
బతికిపోయాను.
ఇప్పుడేమో చిన్నప్పుడు పాపం ఎవరో కొట్టారట,
అందుకని చెడ్డదైందట.
చెడ్డగా ఉండడానికి కూడా ఒకరి అనుమతి కావాలా?"

మసేను మనవడు మోహిత్ ఫోన్లోంచి తలెత్తాడు.
"పాతది చూశాను తాతా.
గుర్రం పరిగెడుతుంటే
వెనకున్న కొండ కూడా దాంతోపాటే పరిగెడుతోంది."
ఒక్క క్షణం ఎవరమూ మాట్లాడలేదు.
ఆ కొండ మన యారాడ కొండేనని
ఐదో తరగతి నుంచీ మా నమ్మకం.
కాదని ఇంతవరకూ ఎవడూ రుజువు చెయ్యలేదు.
"కొండ పరిగెడితే నీకేటి నొప్పి?" అన్నాడు మసేను.

ఇక వంతు నవలది.
పూర్ణా మార్కెట్ వెనక రహమతుల్లా అద్దె పుస్తకాల కొట్టు,
రోజుకి పావలా.
అట్ట మీద నెత్తురోడే కత్తి,
బెల్లం రంగు కాగితాలు,
రాసినవాడిది ఏదో మారుపేరు.
ఊరు మొత్తానికి ఒకే కాపీ.
దానికి చివరి కాగితం లేదు.

అందుకే పాత సినిమాలో వజ్రకంఠుడు రాకుమారిని పెళ్ళాడాడు,
కొత్తదాంట్లో కత్తితో సహా నక్షత్రమైపోయాడు.
రెండూ అన్యాయమేనట.
"నవల్లో ఆడు సచ్చిపోతాడు" మసేను ఒట్టేశాడు.
"కత్తిని కరిగించి ఓడకి లంగరు చేస్తాడు" అంతోని.
"వాడు ధూమ్రకేశి కొడుకే, మొదటి పేజీలోనే తెలుస్తుంది" కుసుమకుమారి.
నలభై రెండేళ్ళుగా
లేని కాగితాన్ని ముగ్గురూ కంఠతా చదువుతున్నారు.

దాన్ని చింపింది నేను.

రెండో పావలా లేదు ఆ రోజు.
వెలుగుండగా అయిపోలేదు కథ.
కాగితం లాగులో దోపుకుని పుస్తకం తిరిగిచ్చేశాను.
అల్లిపురంలో వీధిదీపం కింద,
పోర్టులో ఏదో ఓడ కూత పెడుతుండగా, విప్పాను.

వజ్రకంఠుడు తలుపు తోశాడు. లోపల...
తరువాయి రెండో భాగంలో.
కాపీలు పరిమితం, నేడే రాయండి.
కింద తామరకి మందు ప్రకటన,
గోక్కుంటున్న మనిషి బొమ్మ.

రెండో భాగం ఏ కొట్టుకీ రాలేదు.
రాసినవాడికి ఏమైందో, ఆ తలుపుకి ఏమైందో.

మడతల దగ్గర బట్టలా మెత్తబడిన ఆ కాగితం
ఇప్పుడూ నా జేబులోనే, బస్ పాస్ వెనక.

"నువ్వేటి మాటాడవు?" మసేను నిలదీశాడు.
"సెకండాఫ్ కొంచెం లాగు" అన్నాను.
ముగ్గురూ ఒకేసారి నా మీద పడ్డారు.

ఆ పూట టీ డబ్బులు నేనే ఇచ్చాను.