ఉప్పు తిన్న దీపం

కుడికి తిరుగుతానంటే నిదానం, పెద్దమనిషి నడక.
ఎడమకు అనేసరికి
టిక్కుటిక్కుటిక్కుమని గాభరా.

"రేపు తనిఖీ" అంది రాన్వా,
చేపల వాసన వేసే చేత్తో తాళంచెవి నా బల్ల మీద పెట్టి.
"ఈ దీవిలో నేనెటు తిరుగుతానో గొర్రెలకు కూడా తెలుసు.
తోర్షావ్న్‌లో కళ్ళజోడు పెట్టుకున్న ఆ కుర్రాడికే
తెలియలేదట."

ముప్పై ఏళ్ళు ట్రాలర్ల మీద కరెంటు పని చేసినవాణ్ణి.
తొందర రిలేకు వచ్చిన జబ్బు కాదు.
జతలో ఒకటి పోయింది,
మోసే బరువు తగ్గి చప్పుడు పరుగెడుతోంది.

హోగ్నిని సీట్లో కూర్చోబెట్టాను,
మా అమ్మాయి కొడుకు, తొమ్మిదేళ్ళు.
నేను "ఎడమ" అంటే వాడు కాడ కిందికి నొక్కాలి.
వెనక దీపం సరే.
అద్దం కింద గోరంత దీపం, అదీ సరే.
ముందు దీపం నా మొహం చూసి ఊరుకుంది.

బల్బు తీశాను. తీయడమేమిటి, పెకలించాను.
లోపలి తీగ చెక్కుచెదరలేదు.
కుడి బల్బు తెచ్చి ఇక్కడ పెడితే గుడ్డిదైంది,
దీన్ని అటు పెడితే హాయిగా కన్ను తెరిచింది.
అయితే తప్పు అద్దెకున్నవాడిది కాదు, ఇంటిది.

పరీక్ష దీపం మొన ఆనించాను.
కరెంటు వస్తోంది పాపం, గుమ్మం దాకా.
తిరిగి వెళ్ళే దారే లేదు దానికి.
ఎర్త్ తీగ పట్టుకుని వేళ్ళతో తడుముకుంటూ పోతే
హెడ్‌లైటు వెనక, చీకట్లో, ఒక బోల్టు.
దాని మెడ చుట్టూ పచ్చగా పొడి,
మరిచిపోయిన రొట్టె మీద బూజులాగ.

ఉప్పు తిన్నవాడు విశ్వాసంగా ఉంటాడంటారు.
రాగికి ఆ బుద్ధి లేదు.
తింటుంది, చెప్పకుండా చస్తుంది.

కుడివైపు బోల్టు చూశాను. నిన్న బిగించినట్టుంది.
ఒకే బండి, అవే వానలు, అవే ఏళ్ళు.
ఒక్క చెంపే ఎందుకు తిన్నట్టు?

"బండి ఎక్కడ పెడతావు?"
"షెడ్డులో."
"అంతకు ముందు?"
గోళ్ళ కింద పొలుసులు తీసుకుంటోంది.
"రేవు గట్టు మీద. ఫ్యాక్టరీ వదిలాక."
"ఎంతసేపు?"
"ఫ్లాస్కులో కాఫీ అయ్యేదాకా."
"రోజూనా?"
హోగ్ని నోట్లో బిస్కెట్టుతో మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

స్టీరింగు వైపు కిటికీ సముద్రానికి,
రెండో వైపు ఊరికి.
పడమటి గాలి అలల తలలు కోసి తెచ్చి
అన్నేళ్ళూ ఆ ఒక్క బుగ్గ మీదే చల్లింది.
అక్కడేం ఉందని అడగబోయి మానేశాను.
కరెంటు ఎక్కడ ఆగిందో చెప్పగలను,
మనిషి ఎందుకు ఆగిందో నా మీటరు చూపించదు.

గరుకు కాగితంతో రుద్దాను, లోహం సిగ్గుపడి ఎర్రబడేదాకా.
కొత్త బోల్టు, కొత్త కొస, మీద దట్టంగా గ్రీజు.
"ఎడమ!"
"ఏంటీ?"
"ఎడమరా!"
టిక్కు... టిక్కు...
తడి గోడ మీద నారింజ రంగు, వచ్చి, పోయి, వచ్చి.

డబ్బు వద్దన్నాను.
కాగితంలో చుట్టిన రెండు కాడ్ చేపలు
అప్పటికే బల్ల మీద ఉన్నాయి.

"గట్టు మీద ఇకనుంచి బండి అటు తిప్పి పెట్టు" అన్నాను,
"ఉప్పు కొన్నాళ్ళు కుడివైపు తింటుంది."
తలుపు వేసుకుంటూ అంది:
"అప్పుడు నాకు ఊరు కనిపిస్తుంది."

రోడ్డు చీలే చోట వేగం తగ్గించింది.
వెనకా ముందూ ఎవరూ లేరు,
తడిసి బరువెక్కిన ఒక గొర్రె తప్ప.
అయినా చెప్పింది, ఎడమకు, రేవు వైపు.
పదిహేడు దాకా లెక్కపెట్టాడు హోగ్ని.
ఆ తర్వాత మంచు.