మసిబొట్టు

నాకు తొమ్మిదేళ్ళప్పుడు
సస్కచ్వాన్‌లో మా ఇంటి తలుపు కొట్టి
టోపీ తీసి నిలబడ్డాడు ఒకాయన.
చంకలో మా పొలం ఫోటో.
మే నెలలో ఎప్పుడో చిన్న విమానంలోంచి తీశాడట,
ఇప్పుడు పద్దెనిమిది డాలర్లకు మాకే అమ్ముతాడట.

నాన్న బేరమాడి పన్నెండుకు కొన్నాడు.
మన కొట్టాన్ని మనమే కొనుక్కోవడమేమిటని అమ్మ సణిగింది,
అయినా తీగ మీద ఆరేసిన తన దుప్పట్లు
ఐదూ లెక్కపెట్టుకుని మురిసింది.
భూతద్దం పెట్టి చూస్తే
ధాన్యం కొట్టు వెనక మా అన్న మెతోది,
చేతిలో సిగరెట్టు.

నాన్న ఏమీ అనలేదు.
ఫోటోకి అద్దం కట్టించి
భోజనాల బల్లకు ఎదురుగా మేకు కొట్టాడు.
మర్నాటికి అద్దం మీద, సరిగ్గా ఆ చోట,
పొయ్యి మసితో ఒక బొట్టు.
శనివారం శనివారం అద్దం తుడిచేది అమ్మ.
గుడ్డ ఆ బొట్టు దాకా వెళ్ళి
పక్కకు తప్పుకుని పోయేది.

ఇప్పుడెవరూ తలుపు కొట్టరు.
డ్రోన్‌ని పిలిచింది పక్క పొలం లోర్న్ ఫెడక్.
దానికి కంచె సంగతేం తెలుసు,
మలుపు తిరగడానికి చోటు కావాలి కదా,
నా అవిసె చేను మీదికొచ్చి తిరిగింది,
మధ్యాహ్నానికి రాలిపోయే నీలం పూలు
ఇంకా విచ్చుకునే ఉన్న పొద్దున.
నేను రాత్రి గౌనులోనే ఉన్నాను, కోళ్ళ దగ్గర.

"నీ చేను అంచే పడింది ఓరిస్యా, అంతే" అన్నాడు లోర్న్.
అంచు ఎంత లోపలిదాకా ఉంటుందో
అతనూ చెప్పలేకపోయాడు.

పది రోజులకు ఎరువుల కంపెనీ కుర్రాడు బ్రెనన్
పలక లాంటిది పట్టుకుని వచ్చాడు.
నీలం లేదు అందులో.
పచ్చ, పసుపు, ఎరుపు.
"ఇక్కడ నత్రజని తక్కువండీ,
ఇక్కడ ఏప్రిల్లో నీళ్ళు నిలిచాయి."
నిజమే.
నా చేను గురించి
నేను లేని గదిలో ఎవరో మాట్లాడుకున్నారు.
బ్యాంకు మేనేజరు ఈమధ్య
నన్ను చూస్తే ఆదరంగా నవ్వుతున్నాడు.
పోయినేడు నవ్వేవాడు కాదు.

"మరి ఇది?"
వేళ్ళతో సాగదీసి పెద్దది చేశాడు.
చేను నడుమ గుండ్రంగా ఒక ఎకరం,
దున్నలేదు, విత్తలేదు. బూడిద రంగు.
"ఏటా ఇంత నష్టం" అని అంకె చూపించాడు,
సెంట్లతో సహా.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా
అక్కడికి రాగానే ట్రాక్టరు దానంతటదే వంపు తిరుగుతుంది.
ఎందుకో బ్రెనన్‌కి చెప్పలేదు.
మీకూ చెప్పను.

తీసెయ్యి, అన్నాను.
నా చేతిలో లేదండీ, క్లౌడ్‌లో ఉంది, అన్నాడు.
పైకి చూశాను.
నలభై రోజులుగా చుక్క రాల్చని ఆకాశం.
మచ్చుకైనా మబ్బు లేదు.

కాఫీ ఇచ్చాను. పిల్లవాడు మంచివాడే.
వెళ్ళేముందు గోడ మీది ఫోటో చూసి
"ఇక్కడేదో అంటుకుందండీ" అంటూ
చొక్కా చెయ్యి వేళ్ళ మీదికి లాక్కుని
తుడవబోయాడు.

అతని మణికట్టు పట్టుకున్నాను.
కొంచెం గట్టిగానే.